థర్మల్ కెమెరా ఎగుమతి: 9 హెర్ట్జ్ పరిమితి ఫర్మ్‌వేర్‌లో మాత్రమే ఉంటే స్కోమెట్ లైసెన్సు కావాలా?

చర్లపల్లిలోని చిన్న యూనిట్‌కి 40 అన్‌కూల్డ్ (సెన్సర్‌ని చల్లబరచనక్కర్లేని) థర్మల్ కెమెరా మాడ్యూళ్లకు విదేశీ ఆర్డరు వచ్చింది. స్కోమెట్ అంటే సైనిక అవసరాలకూ పనికొచ్చే వస్తువుల ఎగుమతిపై మన ప్రభుత్వ నియంత్రణ జాబితా. దాని 8వ కేటగిరీ, వాసెనార్ అనే అంతర్జాతీయ ఎగుమతి నియంత్రణ ఒప్పందపు జాబితా బాటలోనే నడుస్తుంది. అందులో సెకనుకు 9 ఫ్రేములు (9 హెర్ట్జ్) దాటని కెమెరాలకు మినహాయింపు ఉంది. చిక్కేమిటంటే, ఇక్కడి సెన్సర్ 30 దాకా ఇవ్వగలదు. 9 దగ్గర ఆపుతున్నది ఫర్మ్‌వేరే, అంటే పరికరంలోని సాఫ్ట్‌వేరే. ఒక్క కమాండుతో తెరుచుకునే తాళాన్ని డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్) తాళంగా ఒప్పుకుంటుందా, లేక చిప్‌లో ఫ్యూజు కాల్చి శాశ్వతంగా బిగించాలా?

ఇంకో సంగతి. కొనేది ట్రేడింగ్ కంపెనీ. చివరికి వాడేదెవరంటే "వ్యవసాయ డ్రోన్ల వాళ్లు" అంటున్నారు, కానీ రీకాయిల్ (తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ) తట్టుకుంటుందా అని టెస్టు రిపోర్టు అడుగుతున్నారు. పొలంలో రీకాయిల్ ఎక్కడిది? తుపాకీ సైటుగా (గురి చూసే పరికరంగా) తేలితే స్కోమెట్‌లో సైనిక సామగ్రికి చెందిన 6వ కేటగిరీ, అంటే రక్షణ ఉత్పత్తి శాఖ అనుమతి. 2005 సామూహిక వినాశక ఆయుధాల చట్టంలోని క్యాచ్-ఆల్ (జాబితాలో లేని వస్తువులకూ వర్తించే నిబంధన) సామూహిక వినాశక ఆయుధాలకు, వాటి క్షిపణులకు సంబంధించినది కాబట్టి ఇక్కడ అది వర్తించదేమో.

సర్క్యూట్ డ్రాయింగులు, సోర్స్ కోడ్ మెయిల్‌లో పంపినా ఎగుమతే కనుక వాటిని ఆపేశాం. ట్రేడర్ సంతకంతో వచ్చిన ఎండ్ యూజ్ సర్టిఫికెట్ (సరుకు చివరికి ఎవరు, దేనికి వాడతారో చెప్పే పత్రం) సరిపోతుందా? ఇలాంటి ఫైలు నడిపినవాళ్లు చెప్పగలరు.