రేస్ ఇచ్చినప్పుడల్లా స్పీకర్లలో కుయ్‌మని మోత, ఫిల్టర్ వేసినా పోలేదు

హనుమకొండ తమ్ముడు:
అన్నలూ, కొంచెం సాయం కావాలి. 2017 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. కంపెనీ స్టీరియో తీసేసి ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించాను, డ్రైవర్ సీటు కింద నాలుగు ఛానళ్ల యాంప్, డిక్కీలో వూఫర్. ఇంజన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు పాట శుభ్రంగా వస్తుంది. సెల్ఫ్ కొట్టగానే సన్నగా కుయ్‌మని మొదలై, రేస్ ఇచ్చిన కొద్దీ పైకి పోతుంది, కాలు తీస్తే దిగుతుంది. బ్లూటూత్, పెన్‌డ్రైవ్, ఎఫ్‌ఎం ఏది పెట్టినా అదే, వాల్యూమ్ సున్నా చేసినా అంతే మోత. పెట్టిన షాపువాళ్లు స్టీరియో కరెంటు వైరుకు ఒక నాయిస్ ఫిల్టర్ వేశారు, ఏమీ మారలేదు. ఇప్పుడు ఇంకా పెద్ద ఫిల్టర్ కొనమంటున్నారు. వచ్చే వారం ఇంటిల్లిపాదీ మేడారం పోవాలి, అంత దూరం ఈ మోత వింటూ పోవడం నా వల్ల కాదు.

కాజీపేట డీజిల్:
డైనమో పోయింది తమ్మీ. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మైనస్ పీకి చూడు, బండి ఆగిందంటే డైనమో ఖతం.

పరకాల వైరింగ్:
ఆ పని మాత్రం చేయకు తమ్ముడూ. అది కార్బ్యురేటర్ బండ్ల కాలం నాటి పరీక్ష. నడుస్తున్న ఇంజన్‌కు బ్యాటరీ తీసేస్తే ఆల్టర్నేటర్ (అదే, డైనమో) వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ కాలిపోవచ్చు, అప్పుడు స్పీకర్ మోత గురించి అడిగే అవసరమే ఉండదు.

డైనమో సంగతి మల్టీమీటర్‌తో తేలిపోతుంది. ఇంజన్ ఆన్‌లో పెట్టి బ్యాటరీ మీద డీసీ చూడు, 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టే. తర్వాత మీటర్‌ను ఏసీకి తిప్పి హెడ్‌లైట్లు వేసి చూడు. 0.1 వోల్టు లోపు ఉంటే నిశ్చింత, అర వోల్టు దాటితే లోపల డయోడు పోయిందని అనుమానించొచ్చు. చవక మీటర్లు కొన్ని ఏసీలో 30 దాకా చూపించి భయపెడతాయి, ప్రోబులు అటూ ఇటూ మారిస్తే సున్నా చూపిస్తాయి. అలా వస్తే తప్పు మీటర్‌ది, బండిది కాదు.

ఇక అసలు సంగతి. ఆల్టర్నేటర్‌లో పుట్టేది మూడు ఫేజుల ఏసీ, దాన్ని డయోడ్లు డీసీగా మారుస్తాయి, కానీ చదునైన గీతలా రాదు, పైన చిన్న అల మిగిలిపోతుంది. ఇంజన్ వేగం పెరిగితే ఆ అల వేగంగా వస్తుంది, అందుకే నీ మోత రేస్‌తో పాటు పైకి పోతోంది. ఈ అల ప్రతి బండిలోనూ ఉంటుంది. అది పాటలోకి ఏ దారిన దూరుతోందనేదే మనం వెతకాల్సింది.

ఎక్కువసార్లు ఆ దారి ఎర్త్, అంటే బండి బాడీ ద్వారా కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగిపోయే చోటు. నీ స్టీరియో ఎర్త్ డ్యాష్‌బోర్డు వెనక ఒకచోట, యాంప్ ఎర్త్ సీటు కింద ఇంకోచోట. యాంప్ ఎర్త్ సరిగ్గా పట్టకపోతే రెండింటి మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా వస్తుంది. స్టీరియో నుంచి యాంప్‌కు పాట మోసే ఆర్‌సీఏ వైరు పైజాలి రెండింటినీ కలుపుతోంది కదా, ఆ తేడా కరెంటు దానిలోంచి పారుతుంది. యాంప్ దాన్ని కూడా పాటే అనుకుని పెంచి స్పీకర్‌కు పంపుతుంది.

వాల్యూమ్ సున్నాలో కూడా మోత తగ్గలేదన్నావు, ఆ ఒక్క మాట సగం పని తగ్గించింది. మోత వాల్యూమ్ కంట్రోల్ దాటాక చేరుతోంది, అంటే ఆర్‌సీఏ దారిలో గానీ యాంప్ దగ్గర గానీ. కాబట్టి రూపాయి పెట్టకుండా ఇలా చెయ్యి. సిస్టమ్ మొత్తం ఆఫ్ చేసి (ఆన్‌లో ఉండగా ఆర్‌సీఏ పీకితే కొన్ని స్టీరియోల్లో లోపలి సన్నని ఫ్యూజు పోతుంది, అదో కొత్త మోత) యాంప్ దగ్గర ఆర్‌సీఏ పిన్నులు తీసెయ్యి. ఇంజన్ స్టార్ట్ చేసి విను. మోత ఉంటే తప్పు యాంప్ కరెంటులోనో ఎర్త్‌లోనో ఉంది. లేకపోతే మళ్లీ ఆఫ్ చేసి, ఫోన్‌ను ఛార్జర్‌కు పెట్టకుండా, 3.5 ఎంఎం నుంచి ఆర్‌సీఏ వైరుతో నేరుగా యాంప్‌కు కలిపి పాట పెట్టు. అదీ శుభ్రంగా వస్తే యాంప్ మంచిదే. అప్పుడు ఇంకో ఆర్‌సీఏ వైరును సీట్ల మీదుగా గాల్లో లాగి స్టీరియోకు కలిపి చూడు. మోత పోతే పాత వైరు కరెంటు వైరు పక్కనే పోతోందన్నమాట, పోకపోతే రెండు ఎర్త్‌లూ చూడాల్సిందే.

జనగామ మామ:
మధ్యలో నాదొకటి. నా బండిలో ఫోన్ నుంచి స్టీరియోకు ఆక్స్ వైరు పెట్టి ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటేనే ఈ మోత, ఛార్జర్ పీకితే మాయం. ఇదీ ఎర్త్ గొడవేనా?

పరకాల వైరింగ్:
అదే మామా. ఫోన్ ఛార్జర్ ద్వారా ఒక ఎర్త్, ఆక్స్ వైరు ద్వారా ఇంకో ఎర్త్, మధ్యలో చవక ఛార్జర్ స్విచింగ్ రొద. మీకు మాత్రం ఆక్స్ వైరులో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పనికొస్తుంది, లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, మరీ చవకది అయితే బేస్ కాస్త తింటుంది. బ్లూటూత్ వాడితే అదీ అక్కర్లేదు.

హనుమకొండ తమ్ముడు:
అన్నా, అన్నీ చూశాను. బ్యాటరీ మీద డీసీ 14.1, ఏసీ 0.03. ఆర్‌సీఏ పీకితే మోత లేదు. ఫోన్ నేరుగా పెడితే పాట శుభ్రంగా ఉంది. వేరే ఆర్‌సీఏ గాల్లో లాగినా మోత అలాగే ఉంది. సీటు జరిపి చూస్తే యాంప్ ఎర్త్ లగ్గును (వైరు కొసన ఉండే రింగు) సీటు పట్టా బోల్టు కిందే బిగించారు, కింద పెయింటు చెక్కు చెదరలేదు.

పరకాల వైరింగ్:
దొరికింది. బోల్టు మర మీద ఏదో కొద్దిగా తగులుతుంది కాబట్టి యాంప్ ఆన్ అవుతుంది, వూఫర్ కూడా కొడుతుంది, అందుకే షాపులో ఎవరికీ అనుమానం రాదు. పాట గట్టిగా పెట్టి మీటర్ ఒక ప్రోబు యాంప్ ఎర్త్ స్క్రూ మీద, ఇంకోటి పొడుగు వైరుతో బ్యాటరీ మైనస్ మీద పెట్టు. 0.1 వోల్టు దాటితే ఎర్త్ బాగాలేదు.

సీటు బోల్టు వదిలెయ్యి, సీటు బెల్టు బోల్టు అయితే అసలే ముట్టుకోకు. ఫ్లోర్ రేకు మీద వేరే చోటు చూసి, ఎమరీ పేపర్‌తో మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, పళ్ల వాషరుతో లగ్గు బిగించు. కొత్తగా రంధ్రం వేయాల్సి వస్తే ముందు బండి కిందికి దూరి పెట్రోల్ పైపులు, ట్యాంకు ఎక్కడున్నాయో చూడు. వైరు ఒకటిన్నర అడుగు దాటకూడదు, ప్లస్ వైరు ఎంత లావో ఇదీ అంతే లావు. బిగించాక పైన కాస్త పెయింటో వ్యాజిలినో రాయి, లేకపోతే ఒక వానాకాలానికే తుప్పు పడుతుంది. ఎర్త్‌ను నేరుగా బ్యాటరీ మైనస్ పిన్నుకు వేయమని కొందరు చెప్తారు, ఇప్పటి చాలా బండ్లలో ఆ పిన్ను మీద బ్యాటరీ కరెంటు కొలిచే సెన్సర్ ఉంటుంది, దాన్ని తప్పించి కలిపితే లెక్క తప్పుతుంది, బాడీకే వెయ్యి.

స్టీరియో వెనక నల్ల వైరు, అంటే దాని ఎర్త్ కూడా చూడు. మెలిపెట్టి టేపు చుట్టి ఉంటే అది కూడా తీసి బాడీకి వెయ్యి.

కాజీపేట డీజిల్:
సరే అన్నా, డైనమో మాట వెనక్కి. మరి నాది డీజిల్, ఎఫ్‌ఎంలో ఆకాశవాణి పెడితే గరగర, పెన్‌డ్రైవ్‌లో ఏమీ లేదు. స్పార్క్ ప్లగ్గులే లేని బండిలో ఇదేంది?

పరకాల వైరింగ్:
ఎఫ్‌ఎంలో మాత్రమే అంటే అది యాంటెన్నా దారిన గాలిలోంచి వస్తోంది, ఎర్త్ దారిన కాదు. డ్యాష్‌క్యామ్ ఛార్జర్, ఎల్‌ఈడీ హెడ్‌లైట్ బల్బులు ఒక్కొక్కటి పీకి చూడు, ఏది పీకినప్పుడు గరగర ఆగితే అదే దొంగ.

హనుమకొండ తమ్ముడు:
పాత ఎర్త్ మీద 0.4 వోల్టు చూపించింది అన్నా! గీకి కొత్తగా బిగించాక 0.02. స్టీరియో నల్ల వైరు కూడా మార్చాను. మోత దాదాపు పోయింది, వాల్యూమ్ సున్నాలో చెవి స్పీకర్‌కు ఆనిస్తే కొద్దిగా వినిపిస్తుంది. ఇంకో మాట, వైరు కొస బ్లేడుతో గీకితే లోపల తెల్లగా ఉంది. ఫ్యూజు యాంప్ పక్కన ఒకటి ఉంది, బ్యాటరీ దగ్గర లేదు.

పరకాల వైరింగ్:
మిగిలింది గెయిన్ పని, అంటే స్టీరియో నుంచి వచ్చే పాటను యాంప్ ఎంత పెంచాలో చెప్పే బటన్. షాపువాళ్లు యాంప్ మీద గెయిన్ చివరిదాకా తిప్పి ఉంటారు. గెయిన్ పూర్తిగా తగ్గించి, స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక పెట్టి, పాట పగలకుండా ఉన్నంత వరకే నెమ్మదిగా పెంచు. ఆ కొద్ది మోతా వినిపించకుండా పోతుంది.

తెల్లగా ఉందంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం వైరు. అదే లావులో రాగి వైరుకంటే తక్కువ కరెంటు మోస్తుంది, తీరికగా మార్చుకోవచ్చు. ఫ్యూజు సంగతి మాత్రం ఆగేది కాదు. బ్యాటరీ నుంచి సీటు దాకా వచ్చే వైరు దారిలో ఎక్కడైనా రేకుకు ఒరుసుకుంటే యాంప్ పక్కనున్న ఫ్యూజు ఏమీ చేయలేదు, వైరే కాలుతుంది. బ్యాటరీ నుంచి ఒకటిన్నర అడుగు లోపల ఫ్యూజు ఉండాలి, యాంప్ మీదున్న ఫ్యూజులకు సరిపడా, కానీ వైరు మోసేదానికి మించకుండా. హోల్డరుతో సహా కార్ డెకార్ షాపుల్లో దొరుకుతుంది. అది వేసేదాకా, మేడారం పోయినా సరే, ప్లస్ వైరు బ్యాటరీ దగ్గర విప్పి కొసకు టేపు చుట్టి పెట్టు.