అప్‌డేట్: నల్గొండ వార్డ్‌రోబ్ పని, చివరి బిల్లు పేచీ తెగింది

వార్డ్‌రోబ్ పని చేసే మేం అప్పుడు ఇక్కడ మిమ్మల్ని అడిగింది ఇది: అడుగు లెక్కన రేటు మాట్లాడుకున్నాక, అటక కొలతను ఒప్పుకోం అని ఇంటివాళ్లు చివరి పైసలు ఆపితే ఏం చేయాలి? మీరు చెప్పిందే నిజం, లోపం కొటేషన్‌లోనే ఉంది. "చదరపు అడుగు" అని ఉంది గానీ దేన్ని కొలుస్తామో లేదు. 10 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తుకు ముందు వైపు కొలత 70 చదరపు అడుగులు. పైన 2 అడుగుల అటకకు ఇంకో 20. వాళ్ల లెక్కలో ఆ 20 లేనే లేదు. ఇద్దరూ టేపు పట్టి కొలిచాక, అటక రేటు కొంత తగ్గించి తెంపుకున్నాం.

ఇప్పుడు కొటేషన్‌తో పాటు గోడ బొమ్మ, కొలత గీతలు, ఇంటివాళ్ల సంతకం. గోడను కింద, నడుమ, పైన మూడుచోట్ల కొలిచి తక్కువ వచ్చిందే పట్టాలి. పుట్టీ కాకముందు కొలిస్తే వార్డ్‌రోబ్ డబ్బా ఇరుక్కుంటది.

ప్లైవుడ్ విషయంలో నమ్మకం ఒక్క ఫొటోతో వస్తుంది. వంటగదికి ఐఎస్ 710 (నీళ్లను తట్టుకునే మెరైన్ ప్లై ప్రమాణం) రాస్తే, షీటు దిగగానే ఆ ముద్ర కనబడేటట్టు తీసి వాట్సాప్‌లో పెట్టాలి. కోసి లామినేట్ అంటించాక చూపించడానికి ఏమీ మిగలదు.

పైసలు నాలుగు విడతల్లో 10, 40, 40, 10 శాతంగా పెట్టాం. మూడోది డబ్బాలు నిలబెట్టినప్పుడు, తలుపులు బిగించకముందే. వాస్తు చూసి పొయ్యి జరపమంటే నల్లా, గ్యాస్ పాయింట్లు పెట్టకముందే చెప్పాలని కూడా రాశాం. ఆ తర్వాతి మార్పుకు వేరే రేటు.