జిడ్డు నీళ్లకు బ్యాక్టీరియా పొడి వాడినవాళ్లున్నారా?

శ్రీకాకుళంలో మాది క్యాటరింగ్ వంటశాల. మాఘమాసం పెళ్లిళ్లప్పుడు బూరెలు, గారెల మూకుళ్లు కడిగిన నీళ్లన్నీ ఒకే తొట్టెలోకి వెళ్తాయి. తెల్లారేసరికి పైన పామాయిల్ గడ్డకట్టి, చేత్తో లాగితే పెళ్లలుగా ఊడొస్తుంది. ఆ తెట్టు ఎలాగూ తీసేస్తున్నాం. నీళ్లలో కలిసిపోయిన జిడ్డే అసలు బాధ. కాలువ దాటితే అది చేరేది నాగావళికే.

బాసిల్లస్ లాంటి బ్యాక్టీరియా లైపేజ్ అనే ఎంజైమ్‌తో కొవ్వును గ్లిజరాల్, ఫ్యాటీ ఆమ్లాలుగా విడగొడుతుందని చదివాను. అక్కడితో ఆగితే ఆమ్లాలు పేరుకుని నీళ్లు పులుస్తాయి కదా, వాటినీ తినెయ్యాలంటే గాలి బాగా అందాలి. మరి చేపల తొట్టెకి పెట్టే చిన్న ఎయిరేటర్ సరిపోతుందా, బ్లోవరే కావాలా? ఇంకో సంగతి. నేల కడిగిన బ్లీచింగ్ నీళ్లను వేరే గొట్టంలోకి మళ్లించగలను గానీ, గిన్నెల సబ్బు నీళ్లకు ఆ వీలు లేదు. సబ్బును ఈ జీవులు తట్టుకుంటాయా?

మురుగుకాలువలోకి వదిలే నీళ్లలో నూనె, గ్రీజు లీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు, నదిలోకైతే 10. వాసన పోగొట్టే మందు నాకొద్దు, ఆ లెక్కకు నిజంగా దిగాలి. హోటలో మెస్సో నడుపుతూ ఇది వాడినవాళ్లు ఏ రకం పొడి, ఎంత మోతాదు, తేడా ఎన్నాళ్లకు కనిపించిందో చెప్పి పుణ్యం కట్టుకోండి.