‘మార్చు’నా, ‘ఏమార్చు’నా?

‘బ్యాక్టీరియా ప్రోటీన్లు రోగనిరోధక కణాల్లోని సంకేతాలను మారుస్తాయి’ అన్న అనువాద వాక్యం సరైనదేనా అని ఒక సభ్యులు అడిగారు. వ్యాకరణరీత్యా అందులో తప్పేమీ లేదు. అయితే ‘మార్చు’ అనగానే ఒక సంకేతానికి బదులు మరొకటి వెళుతోందన్న భావన పాఠకులకు కలుగుతుంది. చాలా సందర్భాల్లో అసలు సంకేతమే ముందుకు సాగదు.

ప్లేగు కారకమైన యెర్సీనియా పెస్టిస్ అనే బ్యాక్టీరియా సూదివంటి నిర్మాణం ద్వారా యోప్-జె అనే ప్రోటీన్‌ను మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణంలోకి ఎక్కిస్తుంది. ఆ కణంలో ప్రమాద సంకేతం ఒక కైనేజ్ (ఫాస్ఫేట్‌ను అతికించే ఎంజైమ్) నుంచి మరొకదానికి అందాలంటే, అందుకునే కైనేజ్‌లోని నిర్దిష్టమైన సెరీన్, థ్రియోనీన్ అనే అమైనో ఆమ్లాలకు ఫాస్ఫేట్ అతుక్కోవాలి. యోప్-జె సరిగ్గా ఆ చోట్లలోనే ఎసిటైల్ అనే మరో రసాయన సమూహాన్ని అతికిస్తుందని 2006లో తేలింది. చోటు ముందే నిండిపోయింది కనుక ఫాస్ఫేట్‌కు తావుండదు, సంకేతం అక్కడే ఆగిపోతుంది, వాపును రేకెత్తించే సైటోకైన్లనే ప్రోటీన్ల ఉత్పత్తి తగ్గిపోతుంది.

దీనికి ‘ఏమార్చు’ అన్న మాట ఎంత చక్కగా అమరుతుందో చూడండి. పైకి ‘మార్చు’కు ముందు ‘ఏ’ చేరినట్లు కనిపించినా, ఇది ‘ఏమరు’ అన్న ధాతువుకు ప్రేరణార్థక రూపం. ఏమరడమంటే జాగ్రత్త తప్పడం, ‘ఏమరుపాటు’ అక్కడిదే. నేటి వాడుకలో ‘మోసగించు’ అన్న అర్థమే బలపడినా, మెలకువగా ఉండవలసిన వారిని పరాకున పడవేయడమన్న మూలభావం అందులో ఇంకా సజీవంగా ఉంది. కాపలా కాయడమే పనిగా గల కణం విషయంలో ఇంతకంటే తగిన క్రియ నాకు తోచడం లేదు. అయితే ఏమార్చబడేది కణమే గాని సంకేతం కాదు కాబట్టి, వాక్యంలో కర్మను కూడా సవరించి, ‘సంకేత ప్రసారాన్ని అడ్డుకుని రోగనిరోధక కణాలను ఏమారుస్తాయి’ అని రాయాలి.

ఈ మాట అన్నిచోట్లా చెల్లదు. కడుపులో పుండ్లకు కారణమయ్యే హెలికోబ్యాక్టర్ పైలోరీ పంపే క్యాగ్-ఎ అనే ప్రోటీన్, జీర్ణాశయపు పొర కణాల్లోని కైనేజ్‌ల చేతే తనకు ఫాస్ఫేట్‌ను తగిలించుకుని అక్కడి ఒక ఎంజైమ్‌ను చురుకెక్కిస్తుంది. దానికి ‘పురికొల్పు’ నయం. నాకు తృప్తికరమైన మాట దొరకనిది రక్త విరేచనాలకు కారణమయ్యే షిగెల్లా బ్యాక్టీరియా ప్రోటీన్ ఓఎస్పీ-ఎఫ్ దగ్గర. అది కైనేజ్‌లోని థ్రియోనీన్ నుంచి ఫాస్ఫేట్‌ను తొలగించే తీరుకు, ఆ చోట ఫాస్ఫేట్ మళ్లీ అతుక్కునే అవకాశమే మిగలదు. ‘తొలగించు’ అంటే తిరిగి చేర్చవచ్చన్న ఆశ మిగులుతుంది. ‘తెంచు’ కొంత దగ్గరగా ఉంది. మళ్లీ అతకడానికి వీల్లేదన్న భావం ఇంకా స్పష్టంగా పలికే క్రియ సభ్యులకు తోస్తే దయచేసి తెలుపగలరు.