సమస్య: పక్షములు లేని పక్షియే పైకి నెగిరె

నిర్వాహకుడు: ఈవారం తేటగీతి. అలీనోద్యమం (అమెరికా, సోవియట్ కూటముల్లో దేనిలోనూ చేరని దేశాల ఉద్యమం) మీదే పూరించాలి, మామూలు పక్షుల మీద వద్దు.

పాలపిట్ట:
నాడు బెల్‌గ్రేడు నందున నాసరుండు
నెహ్రు టీటోలు నొకటిగ నిలిచినారు
రెండు కూటములవి యద్దె రెక్కలనిరి
పక్షములు లేని పక్షియే పైకి నెగిరె

ఈజిప్టు నాసర్, మన నెహ్రూ, యుగోస్లావియా టిటో కలిసిన 1961 సెప్టెంబర్ అలీన సభ అండీ, 25 దేశాలొచ్చాయి.

నిర్వాహకుడు: "అద్దె రెక్కలు" చాలా బాగుంది, పక్షం అంటే రెక్కా, వర్గమూ కదా, చిక్కు అక్కడే విడిపోయింది. టిటోని టీటో అని సాగదీశారు, గణం కోసం కాబట్టి ఒప్పుకుంటా. సగం పద్యం పేర్లకే పోయింది, అదే లోటు.

గోదారిగట్టు: అలీనం అంటే గోడ మీద కూర్చోడం అని ఇప్పటికీ అంటుంటే బాధేస్తుంది, అందుకే కొరియా తీసుకున్నా.

కొరియ పోరున వైద్యుల గూర్చి పంపె
బందిపడ్డట్టి వారికి బాసటాయె
తిమ్మయ కనుసన్నల సేన తెగువ జూపె
పక్షములు లేని పక్షియే పైకి నెగిరె

చెరువుగట్టు: తిమ్మయ్య గారు యుద్ధఖైదీల సంగతి చూసిన తటస్థ దేశాల కమిషన్ అధ్యక్షులండీ, మన దళాన్ని నడిపింది మేజర్ జనరల్ తోరట్. మూడో పాదం "తోరటు నడుపు సేనయే తోడు నిలిచె" అంటే యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో వచ్చే అక్షరంతో మైత్రి) కూడా కుదురుతుంది. 1953లో మా దేశం తిరిగెళ్లం అన్న ఖైదీలు 22 వేలకు పైనే, వాళ్ల కాపలాకి వెళ్లిన మనవాళ్లని దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ తన నేల మీద కాలు పెట్టనివ్వనన్నాడు, ఓడల నుంచి హెలికాప్టర్లలో తీసుకెళ్లి దింపాల్సొచ్చింది, ఇది గోడ మీద కూర్చున్నవాళ్లు చేసే పనా చెప్పండి.

గోదారిగట్టు: సవరణకి థాంక్సండీ, మార్చేస్తా.

ఎర్రమట్టి: నాది ప్రశ్నగా పూరించా.

చైన దండెత్తి రాగానె సాయమడిగి
కెనడికిన్ నెహ్రు రాసెను కమ్మ నపుడు
పొత్తు లేదన్న మాటయే పొల్లుపోయె
పక్షములు లేని పక్షియే పైకి నెగిరె?

నిర్వాహకుడు: ప్రశ్న చేయడం మంచి ఎత్తు. రెండో పాదంలో యతి తప్పింది, "కె"కి "క" పడదు, "నెహ్రు లేఖల గీచె నపుడు" అంటే సరి, ఎలాగూ 1962 నవంబర్‌లో రాసినవి రెండు లేఖలే. భావంతో మాత్రం ఒప్పుకోలేను, బెల్‌గ్రేడు సభకి పిలవడానికి 1961 జూన్‌లో కైరోలో పెట్టుకున్న షరతు అగ్రరాజ్యాల తగాదాలో సైనిక కూటమి కట్టొద్దనే, ప్రాణం మీదికొచ్చినా సాయం అడగొద్దని కాదు.

ఎర్రమట్టి: మరి 1971లో మనం చేసుకున్న సోవియట్ మైత్రి ఒప్పందం సంగతో?

చెరువుగట్టు: దాని నాలుగో అధికరణంలోనే భారత్ అలీన విధానాన్ని గౌరవిస్తామని సోవియట్ చేత రాయించుకున్నాం, చదివి చూడండి. దాని మీద ఇంకో పూరణ రాయండి, యతి నేను చూస్తా.