అంచు పల్చబడుతోంది: హిచ్‌కాక్ సూత్రం చాలదా?

చిన్నకాయిల్:
4-హై కోల్డ్ మిల్లు, అంటే షీటుని వేడి చేయకుండా రోల్స్ మధ్య నొక్కి పల్చన చేసేది. షీటుని తాకే వర్క్ రోల్ వ్యాసం 500 మి.మీ., దాన్ని వెనక నుంచి మోసే బ్యాకప్ రోల్‌ది 1,400, బ్యారెల్ (రోల్ పని చేసే పొడవు) 1,700. వెడల్పు 1,250 షీటుని 0.5 నుంచి 0.35కి తీస్తున్నాం. ఫోర్స్ మి.మీ. వెడల్పుకి 10 కిలోన్యూటన్లు. ఫ్లాటెనింగ్‌కి (ఒత్తిడికి రోల్ చదునవడానికి) హిచ్‌కాక్ సూత్రం, రోల్ వంపుకి మామూలు బీమ్ సూత్రం పెట్టాను. లెక్కలో వచ్చిన ఫోర్స్ కొలతతో కలుస్తోంది. చివరి 40 మి.మీ. మాత్రం మోడల్ చెప్పినదానికంటే పల్చగా వస్తోంది. ఏం మార్చాలి?

లెవెల్2:
ఫోర్స్ కలిసిందంటే హిచ్‌కాక్ సరిగానే ఉంది. రోల్ 250 వ్యాసార్థం చదునై సుమారు 618 అవుతుంది, ఈ మందానికి సబబే. అంచుకో గుణకం పెట్టి కాయిల్ కాయిల్‌కీ దిద్దుకోండి.

ఇన్‌ఫ్లుయెన్స్:
హిచ్‌కాక్ చెప్పేది బైట్‌లో (రోల్ షీటుని నొక్కే చోట) వంపు వ్యాసార్థం. రోల్ ఉపరితలం ఎన్ని మైక్రాన్లు అణిగిందో చెప్పదు. పైగా రోల్‌లో ప్రతి ముక్కనీ అంతులేని సిలిండర్‌లో భాగంగా చూస్తుంది. షీటు అంచు దాటాక రోల్ మీద బరువు లేదు, ఆ ఖాళీ భాగం పక్కదాన్ని పట్టి నిలుపుతుంది. దాంతో అంచు దగ్గర రోల్ తక్కువ అణిగి గ్యాప్ తగ్గుతుంది. బూసినెస్క్ పరిష్కారంతో (ఒకచోట బరువు పెడితే చుట్టూ ఉపరితలం ఎంత అణుగుతుందో చెప్పేది) ఇన్‌ఫ్లుయెన్స్ గుణకాలు కట్టండి, అంటే ఒక ముక్క మీది ఒత్తిడి మిగతా ముక్కల్ని ఎంత అణుస్తుందో చెప్పేవి. నడుమ 50 మి.మీ. ముక్కలు చాలు, చివరి 100 మి.మీ.లో 5 మి.మీ.వి వేయండి. బ్యాకప్ రోల్ పొట్టిగా లావుగా ఉంటుంది కాబట్టి షియర్ వంపు (రోల్ పొరలు ఒకదానిమీద ఒకటి జరగడం వల్ల వచ్చేది) కూడా కలపాలి.

గ్రైండింగ్‌బే:
థర్మల్ క్రౌన్ (వేడికి రోల్ నడుమ ఉబ్బడం) ఊసే లేదేం? నడుమకీ చివరకీ 20 డిగ్రీల తేడా ఉంటే వ్యాసంలో 120 మైక్రాన్లు. 5 మి.మీ. ముక్కలు ఏం తేలుస్తాయి?

ఇన్‌ఫ్లుయెన్స్:
థర్మల్ క్రౌన్ నడుమని పల్చన చేస్తుంది. ఆయన అడిగింది అంచు గురించి.

లెవెల్2:
మళ్లీ అంచేనా! తర్వాతి కాయిల్ మిల్లులోకి ఎక్కేలోపు ప్రీసెట్ (మిల్లు మొదటి సెట్టింగ్) ఇవ్వాలండీ. మీ ఇటరేషన్ (మళ్లీ మళ్లీ దిద్దుకునే లెక్క) అప్పటికి కలవనే కలవదు.

ఇన్‌ఫ్లుయెన్స్:
కలవకపోవడానికి కారణం ఉంది. 0.35 షీటులో 1 మైక్రాన్ ప్రొఫైల్ తేడా అంటే సుమారు 286 ఐ-యూనిట్లు (ఒక ఐ-యూనిట్ అంటే పొడవులో లక్షో వంతు తేడా). లోహం వెడల్పు వైపు జరగకపోతే టెన్షన్‌లో 600 మెగాపాస్కల్స్ తేడా. నిజంగా అంత రాదు, టెన్షన్ మారి ఒత్తిడిని సర్దేస్తుంది. అందుకే టెన్షన్‌నీ రోల్ వంపునీ కలిపి తిప్పాలి. ప్రతిసారీ కొత్త విలువలో 10 శాతమే తీసుకోండి, లేకపోతే లెక్క ఊగి చెదిరిపోతుంది. మీ గుణకం తప్పుని మింగేస్తుందంతే. వెడల్పు 1,000కి మారిననాడు బయటపడుతుంది.

లెవెల్2:
వెడల్పుకో గుణకం ఉంచుతాం, అందులో రహస్యం లేదు. మీరు రోల్‌కి ఏ క్రౌన్ (నడుమ ఉబ్బు) గ్రైండ్ చేయాలో, చివర టేపర్ (రోల్‌ని సన్నబరచడం) ఎంత ఇవ్వాలో తేల్చే మోడల్ చెబుతున్నారు. నాకు కావాల్సింది ఈ షిఫ్టు నడిపించేది.

ఇన్‌ఫ్లుయెన్స్:
అవును, నేను చెప్పేది దానికే. ఆ మాట మొదటే అడగాల్సింది. చిన్నకాయిల్ గారూ, మీ మోడల్ దేనికి?

చిన్నకాయిల్:
టేపర్ నిర్ణయించడానికే.

గ్రైండింగ్‌బే:
అయితే చల్లని రోల్స్‌తో నడిచిన మొదటి కాయిల్ కొలతలు చూడండి. అంచు అప్పుడూ అంతే పల్చగా ఉంటే వేడి సంగతి నేనే వదిలేస్తాను.

చిన్నకాయిల్:
మొదటి కాయిల్‌లోనే ఉందండీ, 40 మి.మీ. మేరా. 5 మి.మీ. ముక్కలతో మొదలుపెడుతున్నాను.