పబ్లిక్ హెల్త్ రీసెర్చ్ డిగ్రీ థీసిస్: సొంతంగా డేటా సేకరించాలా, ఉన్న సర్వే డేటా చాలదా?

తొలి_ఏడాది:
రెండేళ్ల కోర్సు, థీసిస్ తప్పనిసరి. తర్వాత పీహెచ్‌డీ చేయాలని ఉంది. నా అంశం, పెంటావాలెంట్ (అయిదు జబ్బులకు కలిపి వేసే టీకా) మొదటి డోసు వేయించుకున్న పిల్లలకు మూడోది ఎందుకు అందట్లేదన్నది. ఇంటింటికీ తిరగమని కొందరు, డీహెచ్‌ఎస్ (చాలా దేశాల్లో ఇంటింటికీ వెళ్లి జనాభా, ఆరోగ్య వివరాలు సేకరించే సర్వే) డేటా తీసుకోమని కొందరు అంటున్నారు. ఏది మేలు?

గడపగడపా:
సొంత డేటానే. ప్రశ్నాపత్రం రాయడం, జనం మాట్లాడే భాషలోకి మార్చడం, మూలం చూడని మనిషి చేత దాన్ని వెనక్కి అనువదింపజేసి పోల్చుకోవడం, ముందు కొద్దిమంది మీద పైలట్ చేసి చూడడం. ఇవన్నీ చేయకపోతే అంకె ఎక్కడ చెడుతుందో తెలియదు. టీకా కార్డు చూసి రాసుకున్న డోసూ, తల్లి గుర్తు తెచ్చుకుని చెప్పిన డోసూ ఒకటి కావు. ఫైలు మాత్రమే చూసేవాళ్లకి రెండూ ‘వేశారు’ అనే కనిపిస్తాయి.

కోహార్ట్_లెక్క:
తప్పు. డీహెచ్‌ఎస్‌లో వేర్వేరు కోడ్‌లున్నాయి. కార్డులో తేదీ ఉంటే 1, తల్లి చెబితే 2, తేదీ లేకుండా కార్డులో గుర్తు మాత్రమే ఉంటే 3.
ఇక లెక్కకు రండి. ఆగిపోయినవాళ్లు 50% అని అంచనా, 5% ఎర్రర్ (ఫలితం అటూఇటూ కాగల తేడా) పెట్టుకుంటే 384 మంది కావాలి. క్లస్టర్‌కి (ఒక ఊరో వాడో) 20 మంది, ఐసీసీ (ఒకే క్లస్టర్‌లోవాళ్లు ఎంత ఒకేలా ఉంటారన్న కొలత) 0.05 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ (అందువల్ల శాంపిల్ ఎన్ని రెట్లు పెంచాలన్నది) 1.95, అంటే 749. నాన్ రెస్పాన్స్ (జవాబు ఇవ్వనివాళ్లు) 10% కలిపితే 833. అవి 833 ఇళ్లు కావు, 12–23 నెలల బిడ్డ ఉన్న 833 ఇళ్లు. ముందు ఇళ్ల జాబితా తయారు కావాలి. రోజుకి 8 ఇంటర్వ్యూలు చేసినా 104 రోజులు. ఎథిక్స్ కమిటీ అనుమతికి పట్టే నెలలు దీనికి అదనం.

నీలిసిరా:
అనుమతి రాకముందు ఒక్క ఇంటర్వ్యూ కూడా చేయకండి. కమిటీలు వెనకటి తేదీతో అనుమతి ఇవ్వవు, ఆ డేటా థీసిస్‌కి పనికిరాదు.

గడపగడపా:
833 అని బెదిరించడం దేనికి? ఎర్రర్ 7%, క్లస్టర్‌కి 10 మంది చాలు. 196, డిజైన్ ఎఫెక్ట్ 1.45తో 285, నాన్ రెస్పాన్స్‌తో 317. నలభై రోజుల పని. కోడ్ 2 ఉందన్నారు సరే, ఎంతమంది దాన్ని విడిగా చూస్తున్నారు? 1, 2, 3 కలిపి ‘అవును’ చేసేస్తున్నారు.

కోహార్ట్_లెక్క:
ఎంతమంది ఆగిపోయారో చెప్పడానికి 285 సరిపోవచ్చు. ఆవిడ అడిగింది ‘ఎందుకు’ అని. అందులో 20% ఆగిపోయారనుకుంటే 57 మంది. ఒక్కో వేరియబుల్‌కి (కారణం కావొచ్చని చూసే అంశానికి) పది ఈవెంట్లు, అంటే ఆగిపోయినవాళ్లు పదిమంది, ఉండాలన్న పాత లెక్కన మోడల్‌లో పట్టేవి అయిదు. తల్లి చదువు, దూరం, కాన్పు ఎక్కడ, ఎన్నో బిడ్డ, ఆదాయం. అక్కడితో అయిపోయింది.

గడపగడపా:
ఎందుకో చెప్పాల్సింది తల్లి. ‘మొదటి సూదికి జ్వరం వచ్చింది, మళ్లీ వెళ్లలేదు’ అన్న మాట మీ ఫైల్లో ఏ వేరియబుల్?

కోహార్ట్_లెక్క:
మాట మార్చకండి. ఫీల్డు ఫీల్డు అంటూ విద్యార్థుల చేత రెండేళ్లు గైడు ప్రాజెక్టుకి ఫారాలు నింపించి, దానికే థీసిస్ అని పేరు పెట్టేస్తారు. ప్రశ్న గైడుది, ప్రశ్నాపత్రం గైడుది, పేపర్లో విద్యార్థుల పేరే ఉండదు. మీరు సమర్థించేది దాన్ని.

గడపగడపా:
దాన్ని నేనెప్పుడు సమర్థించాను? మీ కోపం దాని మీదైతే ముందే ఆ మాట అనాల్సింది. ప్రశ్న ఎవరిదన్నదే తగాదా అయితే, సర్వే ఫైలు తెరిచి పీ విలువ (ఫలితాన్ని ‘గణనీయం’ అనడానికి చూసే అంకె) 0.05 కంటే తక్కువ వచ్చేదాకా వేరియబుల్స్ మార్చుకుంటూ కూర్చునేవాళ్లకి మాత్రం సొంత ప్రశ్న ఉందా?

కోహార్ట్_లెక్క:
లేదు. అందుకే ఫైలు తెరవకముందే అనాలిసిస్ ప్లాన్ రాసి, తేదీ వేసి గైడుకి పంపాలి. ఆగిపోయినవాళ్లు ఒక గుంపులో 60%, ఇంకో గుంపులో 40% ఉంటే నిష్పత్తి 1.5. ఆడ్స్ రేషియో (ప్రతి గుంపులో ఆగినవాళ్లను ఆగనివాళ్లతో భాగించి, ఆ రెండింటినీ పోల్చేది) మాత్రం 2.25 చూపిస్తుంది. ఏది వాడతారో, వెయిట్లూ (శాంపిల్‌లో ఒక్కొక్కరూ ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలు) క్లస్టర్లూ లెక్కలో ఎలా పెడతారో ప్లాన్‌లోనే ఉండాలి. ఫీల్డుకి వెళ్లేవాళ్లయితే రచయితల క్రమం కూడా ముందే రాసుకోవాలి. డేటా సేకరణలో గణనీయంగా పాలుపంచుకున్నవాళ్లకి డ్రాఫ్టులో, తుది ఆమోదంలో పాల్గొనే అవకాశం ఇవ్వాలని ఐసీఎమ్‌జేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) నియమం.

తొలి_ఏడాది:
సర్వే డేటాతో ‘ఎవరు ఆగిపోతున్నారు’, పదిహేను మంది తల్లులతో లోతైన ఇంటర్వ్యూలు చేసి ‘ఎందుకు’. ఇలా చేస్తే?

నీలిసిరా:
చేయొచ్చు. ఇంటర్వ్యూలకి మాత్రం అనుమతి విడిగా కావాలి. పదిహేను దగ్గరే ఆగాలని లేదు, కొత్త సంగతులు రావడం ఆగేదాకా చేయండి.

కోహార్ట్_లెక్క:
దీనికి నా అభ్యంతరం లేదు. ప్రశ్న ఒకే వాక్యంలో మీరే రాసుకుని వెళ్లండి, గైడు చెప్పేదాకా ఆగకండి.

గడపగడపా:
కోడ్ 2ని ఏం చేస్తారో ప్లాన్‌లో రాయండి. కార్డు ఉన్నవాళ్లతో ఒకసారి, అందరితో ఒకసారి లెక్క కట్టి రెండూ చూపించండి.